బంగారికి తలకు పోసిన రోజు

మా గోడవతలి ఆదిబాబును బెల్లం కొట్టిన రాయి అని మొదట అన్నది నేనే. ఒప్పుకుంటున్నాను. బర్మామైన్స్‌లో హిందీవాళ్ళ మధ్య మా వరసలో ఉన్నవి పదకొండు తెలుగిళ్ళు. ఒక ఇంట్లో పోపు వేస్తే మూడో ఇంట్లో తుమ్ముతారు. అలాంటి చోట కట్టుకున్నదాని శవం పక్కన కూర్చుని ఒక్క చుక్క కన్నీరు రాల్చని మనిషి కనిపిస్తే, ఊరుకోవడానికి నేనేమైనా దేవతనా? ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పిన నోరు నాది. అనేశాను.

ఆయన భార్య దాలమ్మది మూడు రోజుల జ్వరం. దసరా వెళ్ళిన వారానికి పోయింది. యాభై రెండేళ్ళు కూడా నిండలేదు. రూర్కెలా నుంచి కూతురు త్రివేణి వచ్చి గుండెలు బాదుకుంది. వీధంతా ఏడ్చింది. నేను ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాను. ఆదిబాబు మాత్రం గోడకు చేరబడి ఎదురుగా ఉన్న నీళ్ళబిందెను చూస్తూ కూర్చున్నాడు. పాడె లేవబోతుంటే, అక్కను పిలిచే వాళ్ళ వాడుకలో నన్ను పిలిచి, "అప్పా, కుక్కలకి అన్నం ఎట్టినారా?" అని అడిగాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. చాలా రోజులు మండుతూనే ఉంది.

ఆదిబాబు తండ్రి టెక్కలి వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆదిబాబు పుట్టింది, పెరిగింది, కాపురం పెట్టింది అంతా ఈ వరసలోనే. గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద క్రేన్ నడుపుతాడు. ముప్పై అడుగుల ఎత్తున చిన్న గదిలో ఒక్కడూ కూర్చుంటాడు. కింద నిలబడ్డవాడు చెయ్యి పైకి తిప్పితే ఎత్తుతాడు, అడ్డంగా పెడితే ఆపుతాడు. పాతికేళ్ళు అలా బతికిన మనిషి ఇంట్లోనూ అలాగే ఉండేవాడు. దాలమ్మ కంచం పెడితే తినేవాడు, తువ్వాలు చేతికిస్తే స్నానానికి లేచేవాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియకపోవడం మన మగవాళ్ళకి ఒక హోదా. ఆదిబాబుకు ఆ హోదా నిండుగా ఉండేది.

కుక్కలు రెండు. మగదాని పేరు షేరు. ఆరేళ్ళ కిందట ఫ్యాక్టరీ గేటు దగ్గర దొరికితే సంచిలో వేసుకొచ్చాడు. పెరిగి పెరిగి దూడంత అయింది. ఆడది బంగారి. అదే ఏడాది సాక్చీ బజారులో కాలవ పక్కన వణుకుతుంటే దాలమ్మ కొంగులో చుట్టి తెచ్చింది. అది షేరులో సగం కూడా ఉండదు. రెండేళ్ళ వయసులో బంగారికి కడుపొచ్చింది, షేరు వల్లనే. తండ్రి పోలికతో పిల్లలు పెద్దవి, తల్లి చిన్నది. ఈనలేక ఒక రోజంతా విలవిల్లాడితే, డాక్టరు పొట్ట కోసి ఐదు పిల్లల్ని తీశాడు. మూడు చచ్చే వచ్చాయి, మిగిలిన రెండింటినీ పెరిగాక ఎవరికో ఇచ్చేశారు. ఇంకోసారి కడుపొస్తే ఇది బతకదని ఆ డాక్టరు తేల్చి చెప్పాడు.

ఆ రోజునుంచి బంగారి ప్రాణం దాలమ్మ తలుపు గడియలో ఉండేది. ఆర్నెల్లకోసారి బంగారి ఎదకు వచ్చేది. వస్తే ఇరవై ఒక్క రోజుల కాపలా. నాకివన్నీ దాలమ్మ గోడమీదుగా చెప్పేది, ఏ కూర వండావంటే చెప్పినంత మామూలుగా. మొదటి తొమ్మిది పది రోజులు నెత్తురు చుక్కలు పడతాయి. అప్పుడు పెద్ద భయం లేదు, ఆడదే మగదాన్ని కరిచి తరుముతుంది. చుక్క పలచబడి, ఇక ఆగిపోయిందనిపించినప్పుడే అసలు గండం. అప్పుడు ఆడదే తోక పక్కకు పెట్టి నిలబడుతుంది. అక్కడినుంచి ఇంకో పది రోజులు కళ్ళలో వత్తులు వేసుకుని ఉండాలి.

"రెండు తలుపులుండాల వదినా, ఒకటి సాలదు. మనిషి ఒకటి మరిసిపోయినా రెండోది కాత్తాది," అనేది దాలమ్మ.

అందుకే షేరును ముందు గదిలో ఉంచి, బంగారిని వెనక వంటగదిలో పెట్టి, మధ్యగది రెండు తలుపులూ వేసేది. ఎవరి గిన్నె వాళ్ళది, ఎవరి చాప వాళ్ళది. పాత లుంగీ చింపి తోకకు కన్నం పెట్టి బంగారికి లంగోటా కుట్టింది. రోజుకు రెండుసార్లు ఫినాయిల్ వేసి నేల తుడిచేది, వాసన షేరు ముక్కుకు తగలకుండా. బంగారిని పెరట్లోకి తాడుతోనే తీసుకెళ్ళేది. మన ఇళ్ళలో ముట్టయిన ఆడవాళ్ళని దూరంగా కూర్చోబెట్టినట్టే ఉండేది చూడ్డానికి. ఆదిబాబుకీ అలాగే కనిపించింది. ఆడవాళ్ళ వ్యవహారం కదా అని తల పక్కకు తిప్పుకుని డ్యూటీకి పోయేవాడు. ఎన్ని రోజులని అడగలేదు, లెక్కపెట్టలేదు. ఒక వారం ఏ షిఫ్టు, ఒక వారం బి షిఫ్టు, ఒక వారం రాత్రంతా సాగే సి షిఫ్టు తిరిగేసరికి ఆ ఇరవై ఒక్క రోజులూ అయిపోయేవి.

దాలమ్మ పోయాక ఇంట్లో పొయ్యి వెలిగేది కుక్కలకోసమే. ఆయన హోటల్లో రొట్టెలు తినేవాడు. ఉతికిన చొక్కా లేకపోతే మాసిందే వేసుకునేవాడు. పలకరిస్తే పలికేవాడు, అంతే. సంక్రాంతికి నేను గారెలు పంపితే గిన్నె కడిగి గోడమీద పెట్టాడు, గారెలు బాగున్నాయనీ అనలేదు, లేవనీ అనలేదు. త్రివేణి ఫోను చేసేది. ఆయన స్పీకరు పెడతాడు కాబట్టి మాకూ వినిపిస్తుంది. "పాపా, దోనో కుత్తోం కో కిసీ కో దే దో నా, ఆప్ సే నహీ హోగా," అంది ఒకసారి, ఎవరికైనా ఇచ్చెయ్యి, నీవల్ల కాదని. ఈయన "సూద్దాం" అని పెట్టేశాడు. ఇవ్వలేదు. ముఖ్యంగా బంగారిని. తను తినకపోయినా బంగారికి గుడ్డు ఉడకబెట్టి పెంకు వలిచి పెట్టేవాడు. దాలమ్మ చేత్తో పెంచినవాటిలో ఆయన చూసుకోవడానికి మిగిలింది అదొక్కటే అని నాకు తర్వాత అర్థమైంది. అప్పట్లో నాకు ఆయనమీద కోపం తప్ప ఇంకేమీ లేదు.

హోలీ వెళ్ళిన నాలుగో రోజున వాళ్ళ గేటు ముందు ఊరకుక్కలు చేరాయి. ఒకటి, మూడు, ఏడు. ఇంకేం చెప్పాలి, బంగారి ఎదకు వచ్చింది. దాలమ్మ పోయాక ఇదే మొదటిసారి. లోపల షేరు అన్నం మానేసి మూలుగుతోంది. నేను గోడ దగ్గర నిలబడ్డాను. ఆదిబాబు వెనక గదిలో చాప వేస్తున్నాడు, గిన్నె వేరు చేస్తున్నాడు, మధ్య తలుపులు వేస్తున్నాడు. లుంగీ లంగోటా కూడా వెతికి తీశాడు. పర్వాలేదు, మనిషికి తెలుసు అనుకున్నాను. ఎన్ని రోజులో తెలుసా తమ్ముడూ అని ఒక్క మాట అడగాల్సింది. నోటిదాకా వచ్చింది. అరవై దాటినదాన్ని, పక్కింటి మగవాడితో కుక్క ఎద గురించి ఏం మాట్లాడతాను అని మింగేశాను. ఆయనా అంతే. అప్పను అడుగుదామా అని మూడుసార్లు గోడదాకా వచ్చాడట, సిగ్గేసి వెనక్కి పోయాడట. ఊళ్ళో అందరి తప్పులూ ఎత్తిచూపే నా నోటికి సరిగ్గా ఆ రోజే మర్యాద గుర్తొచ్చింది.

పది రోజులు బాగానే కాపలా కాశాడు. పదకొండో రోజు ఆయనకు సెలవు దినం. పొద్దున్న తొమ్మిదింటికి పెరట్లో చప్పుడైతే చూశాను. ఆదిబాబు కాళ్ళు చాపి నేలమీద కూర్చుని, బంగారిని ఒళ్ళో పెట్టుకుని తలకు పోస్తున్నాడు. కుంకుడుకాయల పులుసు, పసుపు, ఒక బకెట్ వేడినీళ్ళు, పక్కన ఉతికిన తువ్వాలు. చెవుల్లోకి నీళ్ళు పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి మరీ పోస్తున్నాడు. చూడముచ్చటగా ఉంది. నిజం చెబుతున్నాను, నాకు కళ్ళు చెమర్చాయి. ఐదు నెలలకి మనిషిలో కాస్త కదలిక వచ్చిందని సంతోషపడి, పప్పు మాడుతుంటే లోపలికి పోయాను.

కాసేపటికి షేరు గొంతు పెరట్లోంచి వినిపించింది. ముందు గదిలో ఉండాల్సిన గొంతు. గరిటె పట్టుకుని పరిగెత్తాను. రెండు తలుపులూ బార్లా తీసి ఉన్నాయి. పెరటి మధ్యలో షేరు, బంగారి ముడిపడి ఉన్నాయి. తడి ఆరని బంగారి ఆ పెద్ద కుక్క వెనకాల కాళ్ళు నేలకు సరిగా ఆనక వణుకుతోంది. ఆదిబాబు తువ్వాలు పట్టుకుని వాటిమీదికి వంగుతున్నాడు.

"లాగొద్దు. నీళ్ళు కొట్టొద్దు. లాగితే దాని లోపల చిరిగిపోద్ది," అని అరిచాను.

ఆయన ఆగిపోయాడు, క్రేన్ కింద ఎవరో చెయ్యి అడ్డంగా పెట్టినట్టు. ముడి వాటంతటవి విడిపోయేదాకా ఏమీ చెయ్యడానికి లేదు. నేను గోడకివతల గరిటెతో, ఆయన గోడకవతల తువ్వాలుతో, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇరవై నిమిషాలు నిలబడ్డాం. రైల్వే యార్డులో వ్యాగన్లు ఢీకొంటున్న చప్పుడు వినిపిస్తోంది. నా వంటింట్లో పప్పు మాడి బొగ్గయింది.

విడిపోయాక ఆదిబాబు బంగారిని ఎత్తుకుని లోపల పెట్టి వచ్చి, గోడ దగ్గర నిలబడ్డాడు.

"ఎందుకు తలుపులు తీశావు తమ్ముడూ?" అన్నాను.

"సుక్క ఆగిపోనాది గదప్పా. మా అమ్మకీ, దాలమ్మకీ ఐదో రోజుకి తలకి పోసుకుంటే ఐపోయీది. ఇది నోరునేని గుంట గదా, నాకేటి తెలుసు అనేసి ఇంకో ఐదు రోజులు ఎక్కువే ఆపినాను. గుడ్డ తెల్లగా వచ్చేదాకా సూసేను. మరి తలకి కూడా పోసేను గదా."

ఆయన ఏ తప్పూ చెయ్యనివాడిలాగే చెప్పాడు. తనకు తెలిసిన పద్ధతంతా పాటించాడు, ఇంకాస్త జాగ్రత్త కూడా పడ్డాడు. ఆ జాగ్రత్తే సరిగ్గా గండం రోజుకు తీసుకొచ్చి తలుపు తీయించింది. నేను దాలమ్మ చెప్పినదంతా అప్పుడు చెప్పాను, సిగ్గూ ఎగ్గూ విడిచి, ఇరవై ఒక్క రోజుల లెక్కతో సహా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. అంతా విని "ఓహో" అన్నాడు. ముఖం ఎప్పటిలాగే ఉంది.

మర్నాడు ఇద్దరం బంగారిని ఆటోలో సాక్చీలో ఉన్న కుక్కల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. చిన్న వయసు పిల్ల, ఓపికగా చూసింది. కడుపు నిలవకుండా ఇంజక్షన్లున్నాయి కానీ పాత కోత ఉన్న గర్భసంచికి అవి ప్రమాదం, లోపల చీము పడితే అసలుకే మోసం అంది. ఇప్పుడే ఆపరేషన్ చేద్దామంటే ఎదలో ఉన్న ఒళ్ళు, రక్తం ఆగదు. నాలుగు వారాలు ఆగి, స్కాన్ చేసి, కడుపుంటే గర్భసంచితో సహా తీసేస్తానంది.

"బచేగీ?" అని అడిగాడు ఆదిబాబు, బతుకుతుందా అని.

"కోశిశ్ కరేంగే అంకుల్. ఖత్రా తో హై," అంది డాక్టరు. ప్రయత్నిస్తాం, ప్రమాదం మాత్రం ఉందని. పదిరోజులు మళ్ళీ మగకుక్కను దగ్గరికి రానివ్వొద్దని కూడా చెప్పింది.

ఆ పదిరోజులూ ఆదిబాబు వంటగదిలో పడుకున్నాడు. తలుపులు వేసి ముందు గదిలో మంచంమీద పడుకోవచ్చు కదా అంటే, బంగారి ఒంటరిగా ఉంటే తలుపు గీరుతుందనీ, ఆ గీరుడుకి షేరు రెండోవైపునుంచి గీరుతుందనీ, చివరికి గడియ ఊడొస్తుందనీ చెప్పాడు. అందుకే దాలమ్మ ఆ రోజుల్లో వంటగదిలోనే పడుకునేదని నేను చెప్పాను. ఆయన నావైపు చూశాడు.

"సి షిఫ్టు నుంచి వచ్చీతలికి లేచేసీది. మిగతా షిఫ్టులప్పుడు పని సేసుకుని ఆలిస్యంగా వచ్చి పక్కన పడుకుందనుకునీవోణ్ణి," అన్నాడు.

పొయ్యి పక్క నేల, గచ్చు నీళ్ళు పోయే కన్నంలోంచి వచ్చే గాలి, ఒకవైపు మూలుగు, ఒకవైపు గీరుడు. మూడోరోజుకే ఆయన నడుం పట్టేసింది. ఒక చెయ్యి నడుంమీద వేసుకుని వంగి వంగి డ్యూటీకి పోతుంటే చూశాను. మందు రాసుకోమని అమృతాంజనం ఇస్తే తీసుకున్నాడు.

నాలుగు వారాలకి స్కాన్ చేశారు. కడుపు నిలిచింది. నాలుగు పిల్లలున్నాయంది డాక్టరు. బంగారి అప్పటికే సరిగా తినడం లేదు, రెండు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. ఇక ఒక్క రోజు కూడా ఆగకూడదని మర్నాటికే ఆపరేషన్ పెట్టింది. ఆదిబాబు సెలవు పెట్టాడు. నేనూ వెళ్ళాను. నా ముఖం చూసుకుంటే నాకే అసహ్యంగా ఉంది ఆ రోజు. దీనికేమైనా అయితే ఆ పాపంలో సగం నాదే.

లోపలికి తీసుకెళ్ళబోతుంటే బంగారి ఆయన చొక్కా పంటితో పట్టుకుంది. మెల్లగా విడిపించి ఇచ్చాడు. మేమిద్దరం బయట బెంచీమీద కూర్చున్నాం. ఎదురుగా ఎవరో పంజరంలో చిలకను తెచ్చారు, ఇంకెవరో పిల్లిని సంచిలో తెచ్చారు. నేను నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ తలుచుకుంటున్నాను. ఆదిబాబు వేళ్ళు మడుస్తూ, విప్పుతూ ఉన్నాడు. జపం అనుకున్నాను.

"ఎనిమిది ఇరవై ఒకట్లు ఎంతప్పా?" అన్నాడు ఉన్నట్టుండి.

"నూట అరవై ఎనిమిది. ఎందుకు?"

"నాలుగేళ్ళు గదా, ఏడాదికి రెండుసార్లు. నూట అరవై ఎనిమిది రాత్రులు ఆ నేలమీద పడుకున్నాది. నాకు మూడు రోజులకే నడుం పోనాది."

ఆయన మళ్ళీ వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఎంత సేపని చెప్పను, గంట కూడా కాలేదు. తలుపు తీసుకుని డాక్టరమ్మ బయటికి వచ్చింది. ముఖంమీద గుడ్డ కిందికి లాగి నవ్వింది. బంగారికి గండం గడిచింది, రక్తం ఎక్కువ పోలేదు, సాయంత్రానికి కళ్ళు తెరుస్తుంది, రేపు ఇంటికి తీసుకుపోవచ్చు అంది. ఇక జన్మలో ఎదకు రాదు, రెండు కుక్కలూ ఎప్పుడూ కలిసే ఉండొచ్చు, ఏ తలుపూ వెయ్యక్కర్లేదు అంది. నేను అక్కడే ఆమెకు దండం పెట్టాను. ఆదిబాబు కదల్లేదు.

"అంకుల్, ఇతనా ఛోటా కామ్ థా," అంది డాక్టరు, ఇంత చిన్న పని కదా అని, మందలింపుగానే. పిల్లల్ని తీసినప్పుడో, ఆ తర్వాత ఏ మంచి రోజునో తీసుకొచ్చి ఉంటే ఇంత భయమే ఉండేది కాదు, ఇన్నేళ్ళు ఎందుకు చేయించలేదని అడిగింది.

నేను కూడా ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు. దాలమ్మే కత్తికి భయపడి వాయిదా వేసిందేమో అనుకునేదాన్ని. ఆయన నావైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"అడిగినాదప్పా. ఎద ఐపోయినప్పుడల్లా అడిగీది. కోసినాక దీన్ని నానొక్కదాన్ని ఆటోలో పట్టుకోలేను, నువ్వొక్క రోజు సెలవెట్టు, ఇద్దరం తీసుకెల్దాం అనీది. ఒక్క రోజు. వచ్చే నెల సూద్దాం, వచ్చే నెల సూద్దాం అనేసేను. ఎనిమిదిసార్లు అనేసేను." మళ్ళీ వేళ్ళు మడిచాడు. "సచ్చిపోతే పన్నెండు రోజులు ఎట్టేనప్పా సెలవు."

అప్పుడు ఏడ్చాడు ఆదిబాబు. మోకాళ్ళమీద మోచేతులు ఆనించి, పెద్దగా, సిగ్గు లేకుండా, చిన్నపిల్లలు ఏడ్చినట్టు ఏడ్చాడు. చిలకను తెచ్చినవాళ్ళు లేచి నిలబడ్డారు. డాక్టరమ్మకు తెలుగు రాదు. కంగారుపడి దగ్గరికి వచ్చి ఆయన భుజంమీద చెయ్యి వేసింది.

"అరే అంకుల్, రోతే క్యోం హై? బచ్ గయీ హై, బచ్ గయీ," అని మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఏడుపెందుకు, బతికింది, బతికింది అని.

రాయి అన్నదాన్ని నేనే కాబట్టి ఆయన పక్కన కూర్చోవలసిందీ నేనే. కూర్చున్నాను. డాక్టరుకు ఏమీ చెప్పలేదు.